భర్త ఎక్కడున్నాడో తెలియనప్పుడు విడాకుల సమన్లు ఎలా అందించాలి?

టెక్కలి అన్నయ్య:

నమస్కారం. మా చెల్లెలి విడాకుల విషయమై తెలిసినవారి సలహా కోరుతున్నాను. చీపురుపల్లి దగ్గరి ఒక పల్లెకు చెందిన అబ్బాయితో 2016లో టెక్కలిలో, మా ఇంటి ముందు పందిట్లోనే ఆమె పెళ్లి చేశాం. తరువాత వాళ్లు విజయనగరం కంటోన్మెంటు ప్రాంతంలో ఒక అద్దె వాటాలో కాపురం పెట్టారు. అతను కొంతకాలం గరివిడి వైపు ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వెళ్లి, ఆ పని పోయాక హైదరాబాదులో సెంట్రింగు పనికి చేరాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తరువాత పండగలకే రావడం మొదలైంది, 2021 సంక్రాంతికి వచ్చి వెళ్లినవాడు మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఆ వేసవికల్లా ఫోను కూడా కలవడం మానేసింది. అద్దె కట్టుకోలేక చెల్లెలు బాబును తీసుకొని మా ఇంటికి వచ్చేసింది.

అతని తల్లిదండ్రులు ఊళ్లోనే ఉన్నారు. అడిగినప్పుడల్లా ‘వాడెక్కడున్నాడో మాకే తెలియదు’ అంటారు గానీ, ఆ మాట చెప్పేటప్పుడు మామగారు మా ముఖం చూడరు. పైగా కిందటేడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల దగ్గర జనంలో అతన్ని చూశానని మా పెదనాన్న కొడుకు చెబుతున్నాడు. పలకరించేలోపే తప్పుకొన్నాడట.

ఇప్పుడు తలా ఒక మాట చెబుతున్నారు. ఒక గుమస్తాగారు పాత అద్దె ఇంటి చిరునామా వేసి పేపరులో ప్రకటన ఇచ్చేస్తే చాలన్నారు. ఇంకొకరు, ఏడేళ్లుగా ఆచూకీ లేదని రాస్తే కేసు సులువుగా తేలిపోతుందన్నారు. ఊరి పెద్దలేమో కోర్టులెందుకు, ఇరువైపుల వాళ్లం కూర్చొని స్టాంపు కాగితం మీద తెగదెంపులు రాయించుకుందాం అంటున్నారు. కేసు మా ప్రాంతంలో వేయవచ్చా, విజయనగరంలోనే వేయాలా? ప్రతివాది చిరునామా అని ఉన్న చోట ఏమి రాయాలి? అన్నిటికంటే మా అమ్మ భయం ఒక్కటే, డిక్రీ (విడాకులిస్తూ కోర్టు ఇచ్చే తీర్పు) వచ్చి చెల్లెలికి ఇంకో సంబంధం చూశాక అతను వచ్చి ‘నాకు తెలియకుండా చేశారు’ అంటే ఏమవుతుందని.

విజయనగరం వకీలు:

అన్నయ్యగారూ, ముందుగా కోర్టు సంగతి చెబుతాను, ఎందుకంటే అది తేలికైనది. హిందూ వివాహ చట్టం 19వ సెక్షను ప్రకారం పెళ్లి జరిగిన చోట, ప్రతివాది నివసించే చోట, ఇద్దరూ చివరిగా కలిసి కాపురం చేసిన చోట కేసు వేయవచ్చు. 2003లో వచ్చిన సవరణతో భార్య అర్జీదారు అయినప్పుడు ఆమె ప్రస్తుతం ఉంటున్న చోట కూడా వేసుకోవచ్చు. మీ చెల్లెలికి టెక్కలి పరిధి రెండు విధాలా వర్తిస్తుంది కాబట్టి, ప్రతి వాయిదాకూ ఆమె విజయనగరం రావలసిన అవసరం లేదు.

చిరునామా విషయానికి వస్తే, ప్రతివాది ఉండే చోటును ‘తెలుసుకోగలిగినంతవరకు’ రాయాలని మాత్రమే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 7వ ఆర్డరు అడుగుతుంది. కాబట్టి చిరునామా తెలియకపోవడం వల్ల కేసు ఆగదు. అయితే మీకు తెలిసినవి ఒక్కటి కాదు, మూడు చిరునామాలు. కంటోన్మెంటులోని అద్దె వాటా చివరి కాపురం జరిగిన చోటు. చీపురుపల్లి దగ్గరి ఇల్లు అతని సొంతూరు, తల్లిదండ్రులు ఇప్పటికీ ఉంటున్న చోటు. హైదరాబాదులో అతను చివరిగా పనిచేసిన మేస్త్రీ లేదా కాంట్రాక్టరు వివరం మూడోది. ఈ మూడింటినీ అర్జీలో రాయించండి, మూడింటికీ సమన్లు పంపమని కోరండి. గుమస్తాగారు చెప్పిన దారిలో, ఎవరూ లేరని ముందే తెలిసిన అద్దె ఇంటికి ఒక్క కవరు పంపి, అది తిరిగి రాగానే పేపరు ప్రకటనకు దరఖాస్తు పెడితే పని త్వరగా అయిపోయినట్టే కనిపిస్తుంది. మీ అమ్మగారి భయం నిజమయ్యేది సరిగ్గా అలాంటి కేసులోనే.

పేపరు ప్రకటన అనేది చట్టంలో మొదటి మెట్టు కాదు. అదే కోడ్ 5వ ఆర్డరు 20వ రూలు కింద ప్రత్యామ్నాయ పద్ధతిలో సమన్లు అందించడానికి కోర్టు అనుమతి ఇవ్వాలంటే, ప్రతివాది కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడనో, మరే కారణం చేతనైనా మామూలు పద్ధతిలో అందించడం సాధ్యం కాదనో న్యాయమూర్తి నమ్మాలి. ఆ నమ్మకం కలిగించవలసిన బాధ్యత అర్జీదారుది. అందుకు ఒక ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేసి, దానితోపాటు అఫిడవిట్ (ప్రమాణపత్రం) దాఖలు చేస్తారు. చాలామంది అఫిడవిట్లలో ‘ఎంత వెతికినా ప్రతివాది ఆచూకీ దొరకలేదు’ అన్న ఒకే వాక్యం ఉంటుంది. ఎక్కడ వెతికారు, ఎప్పుడు వెతికారు, ఎవరిని అడిగారు, వాళ్లు ఏమన్నారు అన్నది లేకపోతే ఆ వాక్యానికి విలువ లేదు. ప్రత్యామ్నాయ బట్వాడా చివరి మార్గంగానే ఉండాలని యల్లవ్వ, శాంతవ్వ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా భర్త తెచ్చుకున్న ఏకపక్ష విడాకుల డిక్రీ మీద వచ్చిన వివాదమే.

వెతకడం అంటే డిటెక్టివు పని కాదు. అతని పాత ఫోను నంబరుకు, వాట్సాప్‌కు సందేశం పంపి ఆ స్క్రీన్‌షాట్‌ను భద్రపరచండి. అద్దె ఇంటి యజమాని, పక్క వాటా వాళ్లు ఏమన్నారో రాసుకోండి. గరివిడిలో, హైదరాబాదులో అతనితో పనిచేసినవారు ఒకరిద్దరు దొరికితే అడగండి. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కడ ఉందో ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చూడవచ్చు. అయితే ఆధార్ కార్యాలయం నుంచి చిరునామా తెప్పించమని కోర్టును అడుగుదామనుకుంటే అది ఇక్కడ కుదరదు, 2019 సవరణ తరువాత అలాంటి ఉత్తర్వు హైకోర్టు న్యాయమూర్తి మాత్రమే ఇవ్వగలరు. మనిషి తప్పిపోయినట్టు పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడం కూడా ఒక మార్గమే, కానీ అతను బతికే ఉన్నాడని, ఇష్టంగానే దూరంగా ఉన్నాడని మీరు అనుకుంటున్నప్పుడు ఆ ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాయించండి. ‘తప్పిపోయాడు’ అని ఒక చోట, ‘వదిలేసి వెళ్లాడు’ అని ఇంకో చోట రాస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

తపాలా కవరు తిరిగి వచ్చినప్పుడు దాని మీద పోస్ట్‌మ్యాన్ రాసే మాటను చూడకుండా పక్కన పెట్టకండి. ‘రెఫ్యూజ్డ్’ అని ఉంటే ప్రతివాది తీసుకోవడానికి నిరాకరించాడని అర్థం, కోర్టు దానిని అందినట్టుగానే పరిగణించవచ్చు. ‘లెఫ్ట్’ (వెళ్లిపోయాడు) అనో ‘నో సచ్ పర్సన్’ (అలాంటి మనిషి లేడు) అనో ఉంటే అందినట్టు కాదు, కానీ ప్రత్యామ్నాయ బట్వాడా దరఖాస్తుకు అది మంచి ఆధారం. ‘డోర్ లాక్డ్’ అని ఉంటే మాత్రం ఇంకోసారి ప్రయత్నించమని న్యాయమూర్తి అడగడం సహజం. కవరును చింపకుండా అలాగే కోర్టులో దాఖలు చేయించండి.

నాగావళి ఒడ్డు:

నేను కోర్టు నాజరు విభాగంలో (సమన్లు అందించే పని చూసే విభాగం) పనిచేసి విరమించినవాణ్ణి. వకీలుగారు తపాలా గురించి రాశారు కాబట్టి అమీను (సమన్లు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చే కోర్టు ఉద్యోగి) వెళ్లే సంగతి నేను చెబుతాను. ఎందుకంటే బట్వాడా మీద వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం అమీను రిపోర్టులోని రెండు మూడు వాక్యాల దగ్గరే పుడతాయి.

మీ కేసు శ్రీకాకుళం జిల్లా కోర్టులో ఉండి, ప్రతివాది చిరునామా విజయనగరం జిల్లాలో ఉన్నప్పుడు, సమన్లు ఇక్కడి నుంచి ఆ ప్రాంతపు కోర్టుకు పంపబడతాయి. అక్కడి అమీను వాటిని పట్టుకొని వెళ్లి, రిపోర్టు రాసి, తిరిగి ఇక్కడికి పంపుతాడు. ఈ రాకపోకల్లో రిపోర్టు వాయిదా నాటికి చేరకపోవడం మామూలే. బ్యాటా (సమన్లు పంపే రుసుము) కట్టారో లేదో, సమన్లు వెళ్లాయో లేదో మీ వకీలు గుమస్తాను అడిగి ఊరుకోకుండా, కేసుకు ఇచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

అమీను ఇంటికి వెళ్లినప్పుడు మనిషి లేడు, ఎప్పుడు వస్తాడో తెలియదు అని తేలితే 5వ ఆర్డరు 17వ రూలు ప్రకారం సమన్ల నకలును ఆ ఇంటి తలుపుకో, ఇంట్లో అందరికీ కనిపించే మరో చోటో అంటించాలి. అంటించి రావడంతో పని అయిపోదు. ఏ పరిస్థితుల్లో అంటించాడు, ఆ ఇల్లు ప్రతివాదిదేనని గుర్తుపట్టి చూపించినది ఎవరు, ఎవరి సమక్షంలో అంటించాడు అన్న వివరాలు, ఆ మనుషుల పేర్లు, చిరునామాలతో సహా రిపోర్టులో ఉండాలి. ‘ప్రతివాది లేనందున తలుపుకు అంటించడమైనది’ అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు మీద ఏళ్ల తరువాత ఎవరైనా ప్రశ్న లేవదీస్తే నిలబడటం కష్టం. మీ వైపు నుంచి ఒకరు అమీనుతో పాటు వెళ్లి ఇల్లు చూపించడంలో తప్పేమీ లేదు. ఊళ్లో సచివాలయం ఉద్యోగి గానీ పక్కింటి పెద్దమనిషి గానీ సాక్షిగా ఉంటే ఇంకా మేలు. మీ చెల్లెలు మాత్రం వెళ్లవద్దు, అక్కడ మాటా మాటా పెరిగితే అది వేరే కేసవుతుంది.

ఇంకొక మాట. అత్తమామలు ‘ఇలా ఇవ్వండి, మేం అందజేస్తాం’ అని సంతకం పెట్టి తీసుకుంటే పని అయిపోయిందని అనుకోకండి. 15వ రూలు కింద కుటుంబంలోని పెద్దవారికి ఇవ్వవచ్చు గానీ, అది ప్రతివాది ఆ ఇంట్లోనే వాళ్లతో కలిసి ఉంటూ, ఆ సమయానికి బయటకు వెళ్లినప్పుడు వర్తించే ఏర్పాటు. ఏళ్లుగా ఆ ఇంటికి రాని కొడుకు తరఫున తండ్రి సంతకం పెడితే, అది బట్వాడా కింద లెక్కకు రాదనే వాదనకు తావుంటుంది. అలాగని ఆ సంతకం వ్యర్థం కాదు. కేసు సంగతి ఆ ఇంటికి తెలిసిందనడానికి అది ఉపయోగపడుతుంది. తీసుకున్నా, తిరస్కరించినా, ఆ సంగతి రిపోర్టులో ఎక్కేలా చూసుకోండి.

బొబ్బిలి కోడలు:

మా పిన్ని కూతురి విషయంలో జరిగినది చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఆమె భర్త విశాఖపట్నంలో ఒక చోట ఉద్యోగం చేస్తున్నట్టు మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆ కార్యాలయం ఏ వీధిలో ఉందో కూడా తెలుసు. అయినా కేసు త్వరగా తేలాలన్న ఆత్రంతో, వాళ్ల తరఫున చూసినవారు ఆ చిరునామా రాయకుండా పార్వతీపురంలోని పాత ఇంటి చిరునామా ఒక్కటే రాయించారు. కవరు తిరిగి వచ్చింది, పేపరులో ప్రకటన పడింది, అతను రాలేదు, డిక్రీ వచ్చింది. అతను తరువాత వచ్చి, పెళ్లయిన నాటి నుంచి తాను అదే ఉద్యోగంలో ఉన్నానని జీతం కాగితాలు చూపించాడు. భార్య తన ఫోను నుంచి ఆ కార్యాలయానికి చేసిన సందేశాలు కూడా చూపించాడు. డిక్రీ కొట్టివేశారు, కేసు మళ్లీ మొదటికి వచ్చింది. అతను మంచివాడేమీ కాదు. కానీ ఆ రోజు కోర్టులో అబద్ధం మా వైపు ఉన్నట్టు కనబడింది, ఆ తరువాత ఆమె చెప్పిన నిజాలను కూడా ఎదుటి వకీలు అదే కళ్లతో చూపించాడు.

అందుకని, మీ అన్నయ్య సిరిమానోత్సవంలో చూసిన సంగతి దాచవద్దు. చూశాడు, కానీ ఎక్కడ ఉంటున్నాడో తెలియలేదు అని ఉన్నదున్నట్టు రాయండి. దానివల్ల మీకు నష్టం లేదు. విజయనగరం వచ్చి కూడా భార్యాబిడ్డలను చూడకుండా వెళ్లాడంటే, వదిలేశాడనడానికి అది ఇంకో రుజువే కదా.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షను కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే వకీలును ఇస్తారు, 15100 నంబరుకు ఫోను చేసినా వివరం చెబుతారు. పేపరు ప్రకటన ఖర్చు మాట కూడా అక్కడే ముందుగా అడిగి తెలుసుకోండి.

టెక్కలి అన్నయ్య:

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదు. మూడు చిరునామాలూ రాయిస్తాం, మా అన్నయ్య చూసిన సంగతి కూడా రాయిస్తాం. అయితే ఏడేళ్ల మాట, ఊరి పెద్దల కాగితం మాట మీద ఎవరూ రాయలేదు. పేపరు ప్రకటన ఏ పేపరులో, ఏ జిల్లా ఎడిషనులో ఇవ్వాలి? మేం ఉండేది శ్రీకాకుళం జిల్లా కాబట్టి ఇక్కడే ఇస్తే సరిపోతుందా? డిక్రీ తరువాతి సంగతి కూడా దయచేసి చెప్పండి, మా మేనమామ ఒక సంబంధం గురించి కదిపి ఉన్నాడు.

విజయనగరం వకీలు:

ఏడేళ్ల మాటను పూర్తిగా మరచిపోండి. ఏడేళ్లపాటు అతను బతికి ఉన్నట్టు, సహజంగా ఆ వార్త తెలియవలసినవారెవరికీ తెలియకపోతే అది విడాకులకు ఒక కారణమేనని హిందూ వివాహ చట్టం 13వ సెక్షను చెబుతుంది, కానీ మీ లెక్క 2021 సంక్రాంతి నుంచి మొదలవుతుంది. కిందటేడు మీ ఇంటివారే అతన్ని కళ్లారా చూశారు. ఆ కారణం మీకు వర్తించదు, అవసరం కూడా లేదు. అర్జీ వేసే నాటికి వెనుక వరుసగా రెండేళ్లు కారణం లేకుండా భార్యను విడిచిపెట్టి ఉంటే అదే చాలు. ఇక్కడ విడిచిపెట్టడం అంటే దూరంగా ఉండటం ఒక్కటే కాదు, కాపురాన్ని శాశ్వతంగా ముగించాలన్న ఉద్దేశం కూడా ఉండాలి. పని కోసం హైదరాబాదు వెళ్లినంత మాత్రాన అది విడిచిపెట్టడం కాదు. డబ్బు పంపడం ఆపిన నెల, ఫోను మానేసిన నెల, బాబు పుట్టినరోజులకూ జబ్బులకూ రాకపోవడం, ఇవన్నీ కలిసి ఆ ఉద్దేశాన్ని చూపిస్తాయి. మీ చెల్లెలు ఇల్లు వదిలి మీ దగ్గరకు రావడాన్ని ఎదుటివారు ‘ఆమే వెళ్లిపోయింది’ అని తిప్పవచ్చు కాబట్టి, అద్దె ఎప్పటి నుంచి ఆగిందో ఇంటి యజమాని చేత చెప్పించడం మంచిది.

ఊరి పెద్దల కాగితానికి వస్తే, కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చే పద్ధతి అనాదిగా ఉన్నచోట చట్టం 29వ సెక్షను దానిని కాపాడుతుంది. కానీ ఆ ఆచారం ఉన్నట్టు రుజువు చేయవలసింది మీరే, అది తేలిక కాదు. అటువంటి ఆచారం లేని కులాల్లో స్టాంపు కాగితం మీద ఎన్ని సంతకాలు ఉన్నా పెళ్లి రద్దు కాదు. మీ విషయంలో అసలు మనిషే లేడు, అతని తరఫున తండ్రి సంతకం పెట్టే తెగదెంపులకు విలువ ఏముంటుంది?

పేపరు ఎడిషను గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది, చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ప్రకటన వేయవలసింది ప్రతివాది చివరిగా నిజంగా నివసించిన, వ్యాపారం చేసిన లేదా పనిచేసిన ప్రాంతంలో తిరిగే దినపత్రికలో అని రూలు స్పష్టంగా చెబుతుంది. అర్జీదారు ఉండే చోట కాదు. కాబట్టి శ్రీకాకుళం ఎడిషనులో వేస్తే ఉపయోగం లేదు, విజయనగరం జిల్లాలో ఎక్కువమంది చదివే తెలుగు దినపత్రికలో వేయాలి. హైదరాబాదులో చివరిగా పనిచేసిన ప్రాంతం గురించి మీకు గట్టి వివరం దొరికితే అక్కడి ఎడిషనులో కూడా వేయించమని మీరే కోర్టును అడగండి. మీకు ఖర్చు కొంత పెరుగుతుంది, కానీ ఆ తరువాత ‘నేను ఉన్న ఊరిలో ఏ ప్రకటనా రాలేదు’ అనే మాట అతను అనలేడు. తాను ఆ పత్రిక చదవనని ప్రతివాది అనడం మాత్రం చెల్లదు. సునీల్ పొద్దార్ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఆ వాదనను తోసిపుచ్చింది. వాట్సాప్ ద్వారా కూడా సమన్లు పంపమని కోరవచ్చు, ‘కోర్టు తగినదని భావించే మరో పద్ధతి’ అన్న మాటలో అది ఇముడుతుంది, కానీ అది పేపరు ప్రకటనకు తోడుగా ఉండాలి, బదులుగా కాదు.

ప్రకటన ముసాయిదాను కోర్టులో చూపించి అనుమతి తీసుకున్నాకే పత్రికకు ఇవ్వాలి. కోర్టు పేరు, ఓ.పి. (విడాకుల అర్జీ) నంబరు, ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, ప్రతివాది చివరి చిరునామా, హాజరు కావలసిన తేదీ, సమయం అందులో ఉండాలి. ఇంటి పేరులో ఒక్క అక్షరం తప్పుపడినా, ఊరి పేరు పక్క మండలంలోకి మారినా మళ్లీ వేయవలసి వస్తుంది, కాబట్టి పత్రిక వాళ్లు పంపే నమూనాను పెళ్లి కార్డు పక్కన పెట్టుకొని సరిచూడండి. అచ్చయిన రోజు ఆ ముక్కను కత్తిరించకుండా, పత్రిక పేరు, తేదీ ఉన్న పూర్తి పేజీని, బిల్లుతో సహా దాఖలు చేయాలి. దీనితోపాటు కోర్టు నోటీసు బోర్డు మీద, ప్రతివాది చివరి ఇంటి మీద కూడా నకలు అంటించమని అడగడం మంచిది.

మధ్యలో ఒక గడువు ఉంది. సమన్లు అందకుండా తిరిగి వచ్చినట్టు కోర్టుకు రిపోర్టు చేరిన తరువాత 7 రోజుల్లో మళ్లీ సమన్ల కోసం దరఖాస్తు పెట్టకపోతే 9వ ఆర్డరు 5వ రూలు కింద కేసును కొట్టివేయవచ్చు. చిరునామా కనుక్కోవడానికి శక్తికొద్దీ ప్రయత్నించామనో, ప్రతివాది తప్పించుకు తిరుగుతున్నాడనో ఆ లోపే కోర్టుకు చూపితే గడువు పొడిగిస్తారు. మీరు రాసి పెట్టుకునే వెతుకులాట వివరాలు ఇక్కడ కూడా పనికొస్తాయి.

ప్రకటనలో ఇచ్చిన తేదీకి అతను రాకపోతే ఎక్స్ పార్టీ (ఏకపక్షం, అంటే అతను లేకుండానే విచారణ) అంటారు. అంతటితో డిక్రీ చేతికి వచ్చేసినట్టు చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఎదుటివాడు వాదించినా వాదించకపోయినా కారణం రుజువైందని కోర్టు తృప్తి పడాలని 23వ సెక్షను అంటుంది. మీ చెల్లెలు ముఖ్య విచారణ అఫిడవిట్ (తన సాక్ష్యాన్ని రాతలో చెప్పే ప్రమాణపత్రం) ఇవ్వాలి, పెళ్లి కార్డు, ఫొటోలు, బాబు జనన ధ్రువపత్రం దాఖలు చేయాలి, ఇంటి యజమాని లాంటి బయటి సాక్షి ఒకరు ఉంటే బాగుంటుంది. బాబు సంరక్షణ గురించి కూడా అదే అర్జీలో 26వ సెక్షను కింద అడగండి, తరువాత బడి, పాస్‌పోర్టు పనులకు మళ్లీ కోర్టుకు రావలసిన అవసరం తప్పుతుంది.

ఇక మీ అమ్మగారి భయం. ఏకపక్ష డిక్రీని రద్దు చేయమని 9వ ఆర్డరు 13వ రూలు కింద అతను దరఖాస్తు పెట్టవచ్చు. దానికి గడువు 30 రోజులు. మామూలుగా అది డిక్రీ తేదీ నుంచి లెక్క. కానీ కాలపరిమితి చట్టం 123వ అధికరణం కింద ఒక వివరణ ఉంది. ప్రత్యామ్నాయ పద్ధతిలో అందించిన సమన్లను, ఆ గడువు లెక్క వరకు, సక్రమంగా అందినట్టు భావించరు. అంటే పేపరు ప్రకటనతో వచ్చిన డిక్రీ అయితే, అతనికి ఆ డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు మొదలవుతాయి. ఎన్నాళ్లకు తెలిస్తే అన్నాళ్లకు. అయితే గడువులో వచ్చినంత మాత్రాన డిక్రీ రద్దయిపోదు, సమన్లు సక్రమంగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో అతను కోర్టును ఒప్పించాలి. మీరు నిజాయితీగా మూడు చోట్ల వెతికి, మూడు చోట్లకు పంపి, సరైన ఎడిషనులో ప్రకటన వేసి ఉంటే, అతను కావాలనే తప్పించుకున్నాడని కోర్టు చూడగలుగుతుంది.

ఈ కారణం చేతనే డిక్రీ రాగానే దాని నకలును చీపురుపల్లి దగ్గరి ఇంటికి, అతనికి తెలిసిన ఫోను నంబరుకు పంపమని నేను నా కక్షిదారులకు చెబుతాను. గెలిచాక ఎదుటివాడిని లేపడం ఎందుకని కొందరు వద్దంటారు. నా అభిప్రాయం వేరు. ఎప్పుడు తెలిసిందన్న ప్రశ్న తరువాత వస్తే, చూపించడానికి మీ దగ్గర తేదీ ఉన్న కాగితం ఉండాలి.

రెండో పెళ్లి విషయంలో 15వ సెక్షను ప్రకారం అప్పీలు గడువు ముగిసేదాకా ఆగాలి. వివాహ చట్టం కింద ఆ గడువు 90 రోజులు. ఆ తరువాత అప్పీలు పడలేదని కోర్టులో విచారించుకొని, డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతిలో పెట్టుకొని సంబంధం మాట కదపండి. తాంబూలాలు కూడా అంతకు ముందు వద్దు, అది చట్టం కోసం కాదు, మీ చెల్లెలి మనశ్శాంతి కోసం.

కవిటి వాడు:

ఒక చిన్న చేర్పు. మా ఉద్దానం వైపు ఇలాంటి కేసుల్లో సగం గల్ఫు కేసులే. మనిషి హైదరాబాదులో ఉన్నాడనుకుంటాం, తీరా చూస్తే ఏజెంటు ద్వారా ఎప్పుడో దేశం దాటి ఉంటాడు. అతను విదేశంలో ఉన్నట్టు నమ్మదగిన సమాచారం ఏదైనా మీకు దొరికితే అది తప్పకుండా మీ వకీలుకు చెప్పండి, ఎందుకంటే విదేశంలో ఉన్న ప్రతివాదికి సమన్లు పంపే రూలు వేరు, విజయనగరం ఎడిషను ప్రకటన ఒక్కటే అప్పుడు చాలకపోవచ్చు. తల్లిదండ్రులకు డబ్బు వస్తుంటే అది ఏ దేశం నుంచి వస్తోందో ఊళ్లో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది.

సీతంపేట టీచరు:

ఇది మీకు వర్తించకపోవచ్చు గానీ, మా ఏజెన్సీ నుంచి ఇదే ప్రశ్న ఉన్నవారు చదివితే పనికొస్తుందని రాస్తున్నాను. సవర, జాతాపు వంటి షెడ్యూల్డు తెగల వారికి, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, హిందూ వివాహ చట్టం వర్తించదని ఆ చట్టం 2వ సెక్షనే చెబుతుంది. అక్కడ పైన వకీలుగారు చెప్పిన 13వ సెక్షను అర్జీ కాదు, తెగ ఆచారం ముందుకు వస్తుంది. అటువంటివారు అర్జీ రాయించేముందు ఈ సంగతి వకీలుకు చెప్పాలి.

టెక్కలి అన్నయ్య:

మేం ఆ తెగల వాళ్లం కాదండీ. గల్ఫు మాట మాత్రం మాకు తట్టలేదు, అతని స్నేహితుణ్ణి ఒకరిని అడిగి చూస్తాను. వకీలుగారికి చివరి ప్రశ్న. మామగారిని అడిగిన సందర్భాలు చాలా ఉన్నాయి, తేదీలు ఒకటి రెండు తప్ప గుర్తులేవు. అఫిడవిట్‌లో ఎలా రాయాలి?

విజయనగరం వకీలు:

గుర్తులేని తేదీని ఊహించి రాయకండి. ‘2022 ఉగాది రోజుల్లో’ అనో, ‘బాబును బడిలో చేర్చిన నెలలో’ అనో గుర్తున్నంతవరకు రాసి, ఆ సమయంలో మీతో ఉన్నవారి పేరు చేర్చండి. మామగారి మాటను మీ మాటల్లోకి మార్చకుండా, ‘వాడెక్కడున్నాడో మాకే తెలియదు’ అని ఆయన అన్నది అన్నట్టే పెట్టండి. ఇకమీదట అడగడానికి వెళ్లినప్పుడు, తిరిగి రాగానే ఆ రోజు తేదీ వేసి నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టుకోండి. వెళ్లేముందు ఆయనకు ఒక స్పీడ్ పోస్టు ఉత్తరం కూడా పంపండి, కొడుకు చిరునామా తెలియజేయమని మర్యాదగా అడుగుతూ. జవాబు వస్తే చిరునామా దొరుకుతుంది, రాకపోతే ఆ రసీదును, డెలివరీ వివరాన్ని ఐ.ఏ.కు జతచేయండి.